ఎనభై ఎడమచేతులు

"నీ మీద ఎవరికీ కోపం లేదే."

"అదే నా బాధ."

నిన్నటి నుంచి చెల్లెలి నోట వచ్చిన మాటల్లో ఇదే పెద్దది. ఆ మాట కూడా వేసిన తలుపు అవతల్నుంచి వచ్చింది. గుమ్మం బయట నిలబడ్డ అక్క చేతిలో టీ గ్లాసు మీద మీగడ కట్టింది.

"అది కాదే, నా మాట విను..."

"ఐదింటి బస్సుకి పోతున్నానక్కా. టిక్కెట్టు కూడా కొన్నాను. పట్నంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో గుండీలు సరిగా ఉన్నాయో లేదో చూసే పని ఉందట. చూడ్డమే. కొయ్యక్కర్లేదు. కత్తెర ముట్టుకోనక్కర్లేదు."

"నాలుగేళ్ళు కాలేజీలో బట్టల డిజైను చదివింది గుండీలు లెక్కపెట్టడానికా?"

తలుపు అవతల బట్టల సంచి జిప్పు లాగిన చప్పుడైంది. తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. పెట్టుకోవలసినవి పెట్టుకోవడానికి ఇన్నిసార్లు తెరవనక్కర్లేదు.

అక్క టీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టి కిందికి దిగింది.

కింది గది వాళ్ళ కుట్టుపని గది. మూడు మిషన్లు, కొలతలు చూసుకునే నిలువుటద్దం, గది పొడవునా కటింగు బల్ల. బల్ల మీద ముదురు ఎరుపు వెల్వెట్టు చేతులు, పది చొప్పున కట్టలు కట్టి, ఎనిమిది కట్టలు. బ్యాండు వాళ్ళ నలభై కోట్లకు ఎనభై చేతులు. లెక్క సరిపోయింది. కాకపోతే ఎనభైకి ఎనభైయ్యీ ఎడమచేతులు.

వెల్వెట్టుకు ముఖం, అంటే నూగున్న మెరిసే వైపు, ఒక పక్కే ఉంటుంది. పొరల్ని ముఖానికి ముఖం ఆనించి పరిస్తే, ఒక్క చెయ్యి గీసి కోసినా కుడీ ఎడమా జతలుగా వస్తాయి. అలా ఆనిస్తే నూగు నలుగుతుందని చెల్లెలు అన్ని పొరల్నీ ముఖం పైకే పెట్టి పరిచింది. అలా పరచడం తప్పేమీ కాదు. అలా పరిచినప్పుడు కుడి చెయ్యి వేరుగా, ఎడమ చెయ్యి వేరుగా గీసుకోవాలి. చెల్లెలు ఒక పద్ధతిలో పరిచి, ఇంకో పద్ధతిలో గీసింది. మొన్న మధ్యాహ్నం కోసింది. నిన్న పొద్దున నాన్న మొదటి కోటును చెక్కబొమ్మకు తొడిగి, రెండో చెయ్యి అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కుర్చీలో కూలబడ్డాడు.

అదే రంగు బట్ట కావాలంటే రెండు నెలలు ఆగాలని మిల్లువాళ్ళు చెప్పారు. బ్యాండు వాళ్ళకు కోట్లు కావలసింది తొమ్మిది రోజుల్లో.

"అమ్మాయ్, లోపలున్నావా?"

ఎదురింటి లాండ్రీ అత్తయ్య. అత్తయ్యంటే చుట్టమేమీ కాదు, వీధిలో అందరికీ అత్తయ్యే.

"విన్నాక నాకు కాళ్ళాడలేదమ్మా!" అంటూ వచ్చింది. కాళ్ళాడని మనిషి మూడు మెట్లూ ఒక్క అంగలో ఎక్కేసింది. చేతిలో ఇస్త్రీ చేసిన చొక్కాలు రెండు. అవి శనివారం ఇవ్వవలసినవి. ఇవాళ గురువారం.

"చొక్కాలు తొందరగా అయిపోయాయి, ఎలాగూ ఇటే వస్తున్నా కదా అని..."

ఇలా 'ఎలాగూ ఇటే కదా' అని వచ్చినవాళ్ళు నిన్నటి నుంచి తొమ్మిది మంది. చెప్పుల కొట్టాయన ఊడని గుండీ కుట్టించుకోవడానికి వచ్చాడు. పై వీధి టీచరమ్మ కుట్టించుకోబోయే జాకెట్టుకు ఇంకా కొనని బట్ట ఎంత పడుతుందో కనుక్కోవడానికి వచ్చింది. అందరూ 'అయ్యో పాపం' అన్నారు. అంటూ బల్ల వైపు మెడలు సాచారు.

"ఇంతకీ ఎలా జరిగిందమ్మా? పిల్ల బాగా చదువుకుంది కదా?"

"పొరపాటత్తయ్యా. ఎవరికైనా జరుగుతుంది."

ఇంతవరకూ బాగానే చెప్పింది అక్క. ఇక్కడితో ఆపేసి, చొక్కాలు తీసుకుని, పంపించేస్తే సరిపోయేది.

"అంటే అన్నీ ఒకే పక్కవా? ఒక్కటి కూడా...?"

"ఒక్కటి కూడా. పోనీ అలాగే ఇచ్చేద్దామంటున్నారు మా ఆయన. నలభై మందీ వరసగా నిలబడి, ఎడమ చెయ్యి మామూలుగా, కుడి చెయ్యి ఇదిగో ఇలా..." అక్క చేతిలోకి ఒక వెల్వెట్టు చెయ్యి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. తన కుడి చేతికి దాన్ని ఎక్కించుకుంది. మోచెయ్యి వెనక్కి తిరిగి, అరచెయ్యి బయటికి వచ్చింది. "ఇలా పెట్టుకుని బూరలు ఊదాలి. డోలు వాయించేవాడైతే వెనక నిలబడ్డవాడి పొట్ట మీద వాయించుకోవాలి!"

అత్తయ్య పగలబడి నవ్వింది. పమిట చెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది.

"అయ్యో, నవ్వకూడదమ్మా, పాపం! ఎంత చదివితే ఏం లాభం! అదే నువ్వైతే ఇలా కోసేదానివా? పన్నెండేళ్ళు కోశావు, ఒక్క మాట పడ్డావా?"

ఆ మాట అక్కకు మాగిన పండు తిన్నంత తియ్యగా తగిలింది. చెప్పాలంటే, ఆ ఒక్క మాట కోసమే ఇంత నాటకమూ ఆడింది.

సరిగ్గా అప్పుడే ఎదురుగా నిలువుటద్దంలో ఒక మనిషి కనిపించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, చెయ్యి వెనక్కి తిప్పుకుని, బుగ్గలు మెరుస్తూ, కళ్ళు మిలమిలలాడుతూ. తొమ్మిది మంది పరామర్శల్లోనూ ఆ మెరుపును చూసి లోపల్లోపల తిట్టుకుంది అక్క. ఇప్పుడు అద్దంలో ఉన్నది పదో మనిషి.

ఆ మనిషి వెనక, మెట్ల మీద, చెల్లెలు.

ఎంతసేపట్నుంచి ఉందో. చేతిలో ఖాళీ టీ గ్లాసు. తాగేసి, కడిగి పెడదామని వచ్చినట్టుంది.

గదిలో అత్తయ్య నవ్వు ఒక్కటే మిగిలి, దానికదే తడబడి ఆగింది.

చెల్లెలు గ్లాసు మిషను మీద పెట్టింది. చెక్కబొమ్మ మీది కోటు తీసి, తనే తొడుక్కుంది. ఎడమ చెయ్యి చక్కగా దిగింది. కుడి చెయ్యి భుజం దగ్గర మెలిపడి ముడతలు పోయింది. గుండీలు కూడా పెట్టుకుంది. అన్నీ.

"ఇలా ఉంటుందత్తయ్యా. సరిగ్గా చూడండి. వెనక్కి తిరగమంటారా?"

"నేను... పొయ్యి మీద నీళ్ళు పెట్టి వచ్చానమ్మా," అంది అత్తయ్య. మూడు మెట్లూ ఈసారి ఒక్కొక్కటే దిగింది.

చెల్లెలు కోటు విప్పి, బొమ్మకు తొడిగి, భుజాలు సరిచేసింది. నూగు కిందికి దువ్వింది. ఆ చేతుల్లో కోపం లేదు.

"వచ్చినవాళ్ళందరి మాటలూ పైనుంచి విన్నానక్కా. ఒక్కళ్ళూ నవ్వలేదు. నవ్వడానికి వాళ్ళకు నువ్వు కావలసి వచ్చావు."

"అది కాదే... ఏదో వాతావరణం తేలికపడుతుందని..."

"బాగా చెప్పావులే. డోలు సంగతి నాకూ నవ్వొచ్చింది."

అని పైకి వెళ్ళిపోయింది. ఈసారి తలుపు చప్పుడు కాలేదు. దానికంటే చప్పుడైతేనే బాగుండుననిపించింది అక్కకు.

*

అక్క భర్త బస్సు డ్రైవరు. ఇంట్లో మామగారి దగ్గర్నుంచి అందరూ 'డ్రైవరుగారు' అనే పిలుస్తారు. పొద్దుటి డ్యూటీ దిగి, ఒంటిగంటన్నరకు అన్నానికి వచ్చాడు.

"డిపోలో అందరికీ తెలిసిపోయింది. మీ ఇంట్లో నలభై కోట్లున్నాయట, ఒక్కటీ చెల్లదట కదా అంటున్నారు," అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ.

అక్క నవ్వలేదు. ఆయన ఆమె మొహం చూసి, తువ్వాలు భుజాన వేసుకుని, ఇంకేం అనకుండా కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక అడిగాడు.

"వెళ్ళడం ఖాయమేనా?"

"సంచి సర్దేసింది."

"బండి నాకు తెలిసినవాడిదే. ఓ గంట ఆలస్యంగా తియ్యమని చెప్పనా? ఏదో ఇంజను..."

"ఏమండీ," అంది అక్క. "ఎదుటివాళ్ళకు చెడు జరిగితే మనుషులకు ఎందుకంత సంతోషం?"

ఆయన చెయ్యి పళ్ళెంలో ఆగింది. ఇలాంటి ప్రశ్న ఈ పదిహేనేళ్ళ కాపురంలో ఆమె వెయ్యలేదు. ఆలోచించే జవాబు చెప్పాడు.

"నాకు తెలీదు కానీ, ఒకటి చెప్తాను. నా బస్సు చెడి రోడ్డు పక్కన ఆగిందనుకో. వెనక వచ్చే బస్సువాడు దాటుకుంటూ హారను కొట్టి పోతాడు. పీంపీం అని. వాణ్ణి నేను తిట్టే తిట్లు నువ్వు వినకూడదు. పై నెల వాడి బండి ఆగుతుంది, నేను దాటుతూ కొడతాను. కొట్టకూడదనే అనుకుంటాను. చెయ్యి ఆగదు. వాడి మీద నాకేం పగ లేదు, వాడి కూతురు పెళ్ళికి కూడా వెళ్ళొచ్చాం. నాది ఇంకా నడుస్తోందని నాకు నేను చెప్పుకోవడమేమో, అంతే."

"హారనుతో పోయేదైతే నేనూ చెప్పుకుందును."

"అంటే?"

అక్క అన్నం గిన్నె మూత సరిగ్గా పెట్టింది. పెట్టిందాన్నే మళ్ళీ తీసి పెట్టింది.

"మొన్న అది బట్ట పరిచి గీసినప్పుడు, దారపు కండెల డబ్బా కోసం బల్ల దగ్గరికి వెళ్ళాను. చూశాను. ముఖాలన్నీ పైకే ఉన్నాయి. ఎడమ చెయ్యి ఒక్కటే గీసి ఉంది. పన్నెండేళ్ళు కోసినదాన్ని, నాకు కనపడదా? రోడ్డులో గుంట ఉందని తెలుసండీ. చెప్పలేదు."

డ్రైవరుగారికి నోట్లోది మింగడానికి చాలాసేపు పట్టింది.

"మర్చిపోయి ఉంటావు. పనిలో పడి..."

"మర్చిపోలేదు. మాట నోటి దాకా వచ్చింది. 'కుడిది గియ్యలేదేమే' అంటే అయిపోయేది. అంత చిన్న మాట. అది కాలేజీలో చదివింది, ఏదో కొత్త పద్ధతేమోలే అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో తెలుసా? డబ్బా తీసుకుని వచ్చి మిషను దగ్గర కూర్చున్నాను. ఆ సాయంత్రం మీరు కూడా అడిగారు, ఏంటివాళ అంత హుషారుగా ఉన్నావని."

ఆయనకు గుర్తొచ్చినట్టుంది. కళ్ళు దించుకున్నాడు. ఇద్దరి మధ్యా మజ్జిగ గిన్నె అలాగే ఉండిపోయింది.

"దానికి చెప్పావా?"

"లేదు."

"చెప్తే ఇంక ఈ గుమ్మం తొక్కదేమో."

"చెప్పకపోయినా పోతోంది కదా. కాకపోతే, తప్పంతా తనదే అనుకుని పోతుంది. మళ్ళీ కత్తెర పట్టుకోదు. దాని చేతుల్ని చూశారా మీరు? నాకంటే దాని చెయ్యే మంచిది. నేను గీత మీద కోస్తాను. అది గీత లేకపోయినా కోస్తుంది."

తన నోటి నుంచి ఆ మాట రావడం ఆమెకే కొత్తగా వినిపించింది. డ్రైవరుగారు లేచి, చెయ్యి కడుక్కుని, వెనక్కి వచ్చి, ఎన్నడూ లేనిది ఆమె పళ్ళెం తీసి తనే పెట్టి, అన్నం వడ్డించాడు.

"ముందు తిను. చెప్పమని నేననను, వద్దనీ అనను. తినకుండా మాత్రం ఆ మెట్లు ఎక్కకు."

*

మూడు గంటలకు ఆయన మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళాడు. అక్క కింది గదికి వచ్చేసరికి నాన్న కటింగు బల్ల ముందు ఉన్నాడు. ఎనిమిది కట్టలూ విప్పేసి, చేతులన్నిటినీ బల్ల నిండా పరిచి, ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూస్తున్నాడు. కుడిది ఒక్కటైనా దొరక్కపోతుందా అన్నట్టు.

వీధిలో ఆయన్ని 'కత్తెర తాత' అంటారు. ఆయన కత్తెర వదిలి పన్నెండేళ్ళు దాటింది. చెయ్యి వణకడం మొదలయ్యాక బల్ల దగ్గర నిలబడింది అక్క. ఆమెను ఎవరూ కటింగు మాస్టరని పిలవలేదు. 'నాన్న తరఫున కోస్తోంది' అనేవారు. ఏడాది కిందట, చెల్లెలు చదువు ముగించుకుని వచ్చిన వారానికి, నాన్న తన పెద్ద కత్తెర తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది.

"నాన్నా, ఒకటి అడగనా?"

"ఊఁ."

"కత్తెర దానికెందుకిచ్చావు?"

నాన్న చేతిలోని వెల్వెట్టు ముక్క కిందపెట్టాడు. వేళ్ళు వణుకుతున్నాయి. వాటిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఏడాదికా అడగడం?"

"అడగాలని అప్పుడు తెలీలేదు."

"నువ్వు ఎక్కడికీ పోవు కనక," అన్నాడు నాన్న. "అది పోయే పిల్ల. చదువుకుంది, కాళ్ళలో చక్రాలున్నాయి. చేతిలో కత్తెర పెడితే ఉండిపోతుందనుకున్నాను. నువ్వు ఎలాగూ ఉంటావు. ఉన్నదానికి ఇవ్వాలని ఎవరికి తోస్తుందమ్మా?"

ఏడాదిగా అక్క ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు అల్లుకుంది. నా చెయ్యి మంచిది కాదని, నాకు చదువు లేదని, నాన్నకు అదంటేనే ముద్దని. ఇంత మామూలు జవాబు మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

"ఆ రోజు నువ్వు ఏడిస్తే బాగుండేది," అన్నాడు నాన్న. "నువ్వు నవ్వేసరికి నేను కూడా నమ్మేశాను."

అక్క బల్ల మీది వెల్వెట్టు చేతుల్ని సర్దడం మొదలుపెట్టింది. మాట్లాడ్డానికి ఏమీ లేనప్పుడు బట్ట సవరించడం ఆ ఇంట్లో అందరికీ ఉన్న అలవాటు. ఒక ఎడమచేతిని తీసుకుని, మణికట్టు వైపు నుంచి పైకి, వేళ్ళతో తడుముకుంటూ పోయింది. మోచెయ్యి దాటేదాకా రెండంచులూ ఒకటే. తేడా అంతా భుజం దగ్గరే. ముందు వంపు లోతు, వెనక వంపు ఎత్తు. ఆ పై జానెడు ముక్కే ఎడమది. కింద ఉన్నదంతా ఏ పక్కదీ కాదు.

ఆమె వేళ్ళు ఆగాయి.

"పై జానెడు కోసేస్తే?" అంది, తనలో తను.

నాన్న తలెత్తాడు.

"పై భాగం నల్లబట్టతో వేసుకుని... కుడికీ, ఎడమకీ, రెంటికీ నలుపే. భుజాలు నలుపు, కింద ఎరుపు. కావాలని కుట్టినట్టే ఉంటుంది."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని ఆ చేతిని తన ముందుకు లాక్కున్నాడు. జానతో కొలిచాడు. జాన వణికింది. మళ్ళీ కొలిచాడు.

"అవుతుంది," అన్నాడు. "అమ్మాయ్, అవుతుంది! నూగు కూడా కిందికే ఉంటుంది. బ్యాండు మాస్టారికి ఫోను చెయ్. కాదు, ముందు చిన్నదాన్ని పిలువు. నేను పిలుస్తాను. ఎన్నాళ్ళకి... నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేది!"

ఆ మాట కోసం అక్క పన్నెండేళ్ళు ఎదురుచూసింది. వచ్చింది. ఇక మెట్లెక్కి వెళ్ళి 'దిగులుపడకు, నేను సరిచేశాను' అంటే చాలు. చెల్లెలు కావలించుకుంటుంది. లాండ్రీ అత్తయ్య వీధంతా చెప్తుంది. మొన్న మధ్యాహ్నం సంగతి ఇంకెవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ బస్సు నడుపుతూ నోరు మూసుకుంటాడు.

మెట్ల వైపు కదిలిన నాన్న చెయ్యి పట్టుకుంది అక్క.

"ఇప్పుడే పిలవకు నాన్నా."

"ఎందుకు? టైము నాలుగవుతోంది! బస్సు ఎక్కేస్తుంది!"

"ముందు దానికి ఇంకొకటి చెప్పాలి. ఈ దారి చెప్పాక అది చెప్తే, దాని మనసు నేను కొనుక్కున్నట్టుంటుంది."

నాన్నకు అర్థం కాలేదు. కూతురి మొహం చూసి, అడగబోయి, ఆగిపోయాడు.

*

చెల్లెలు మంచం చివర కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. గదిలో తన వస్తువులున్న చోట్లన్నీ ఖాళీగా, శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

"స్టాండు దాకా నువ్వు రానక్కర్లేదక్కా. ఆటోలో పోతాను."

"మొన్న నువ్వు గీస్తున్నప్పుడు నేను చూశాను."

కూర్చోకుండా, గుమ్మంలో నిలబడే అనేసింది. కూర్చుంటే నోరు పెగలదని భయం.

"ఎడమది ఒక్కటే గీశావని చూశాను. ముఖాలన్నీ పైకే ఉన్నాయని చూశాను. తప్పని తెలిసింది. చెప్పలేదు. చెప్పకుండా... మిషను దగ్గరికి వచ్చి కూర్చుని కాలర్లు కుట్టుకున్నాను. సంతోషంగా కుట్టుకున్నాను."

కిటికీ బయట ఎవరో సైకిలుకు గాలి కొడుతున్న చప్పుడు. కొట్టడం అయిపోయి, పంపు గోడకు ఆనించిన చప్పుడు కూడా వినిపించింది.

"నాకు తెలుసు," అంది చెల్లెలు.

"ఏం తెలుసు?"

"నువ్వు వచ్చావని తెలుసు. నీ నీడ బట్ట మీద పడింది. నేను తలెత్తలేదు. నాకూ ఏదో అనుమానంగానే ఉందక్కా అప్పుడు. ఎక్కడో ఏదో తప్పుతోందని. అడుగుదామంటే సిగ్గు. ఇంత చదివి అక్కను అడగడమేంటని. కత్తెర పట్టుకుని ఆగాను. నువ్వు బల్ల చివర నిలబడి చూశావు. డబ్బా తీసుకుని వెళ్ళిపోయావు." చెల్లెలు సంచి జిప్పును వేలితో లాగి వదిలింది. "అక్క చూసింది, ఏమీ అనలేదు, అంటే సరిగ్గానే ఉందన్నమాట అనుకున్నాను. అప్పుడు కోశాను."

అక్క గుమ్మం పట్టుకుంది.

కోపంతో నాలుగు మాటలంటుందని, తిడుతుందని, సంచి తీసుకుని తోసుకుని పోతుందని అనుకుంటూ మెట్లెక్కింది. ఈ మాట వస్తుందనుకోలేదు. తను దాచిపెట్టుకున్న మౌనాన్ని చెల్లెలు భరోసా అనుకుంది.

"తిట్టవే," అంది. "ఏదో ఒకటి అను."

"అనడానికి రావట్లేదు. నిన్న పొద్దున్నుంచి నా మీద నాకే ఉంది కోపమంతా. ఇప్పుడందులో సగం నీ వైపు తిప్పాలి. కాస్త టైము పడుతుంది."

అక్క వచ్చి కింద, మంచం పక్కన, నేల మీద కూర్చుంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఎదురుగా గోడ చూస్తూ కూర్చున్నారు.

"ఎనభై చేతుల్నీ బాగుచెయ్యొచ్చు. దారి దొరికింది," అంది అక్క. "అది తర్వాత చెప్తాను. నువ్వు ఉంటేనే చెప్తానని కాదు. వెళ్ళినా నాన్న, నేను చేసేస్తాం. ఇదీ అదీ కలిపి చెప్పకూడదని..."

"అక్కా."

"ఊఁ?"

"నాకు చెడు జరిగితే నీకు సంతోషం కలగడం ఇదే మొదటిసారా?"

అవునంటే ఇక్కడితో అయిపోతుంది. చెల్లెలు నమ్ముతుంది. నమ్మాలనే అడుగుతోంది. ఆ గొంతులో అది తెలుస్తూనే ఉంది.

"కాదు," అంది అక్క.

చెల్లెలు ఒళ్ళోని సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. విప్పింది.

"మొదటిది ఎప్పుడు?"

"నీకు నాలుగేళ్ళు, నాకు పదకొండు. పేలు పడ్డాయని అమ్మ నీకు గుండు చేయించింది. అంతకుముందు ఇంటికి వచ్చినవాళ్ళందరూ నీ జుట్టు పట్టుకుని చూసేవాళ్ళు, ఉంగరాలు ఉంగరాలుగా ఎంత బాగుందోనని. నాది చీపురుకట్ట. ఆ రోజు నువ్వు అద్దంలో చూసుకుని ఒకటే ఏడుపు. నేనే ఎత్తుకున్నాను. గుండు మీద చెయ్యి రాస్తూ ఇల్లంతా తిప్పాను. తిప్పుతూ లోపల్లోపల పాట పాడుకున్నాను."

చెల్లెలి చెయ్యి తనకు తెలియకుండానే తల మీదికి వెళ్ళింది.

"ఎత్తుకోవడం గుర్తుందక్కా. మెడ పట్టుకుని పడుకున్నాను. పాట సంగతి తెలీదు."

"రెండూ నిజమేనే. ఎత్తుకున్నదీ నిజమే."

కింద నుంచి నాన్న దగ్గు వినిపించింది. మెట్ల కింద నిలబడి, పైకి రావాలో వద్దో తేలక దగ్గుతున్న దగ్గు. గోడ గడియారంలో నాలుగుంపావు దాటింది.

"తర్వాత?" అంది చెల్లెలు.

"తర్వాతది మూడేళ్ళ కిందటిది." అక్క నేలను గోటితో గీసింది. "నీ పెళ్ళి ఆగిపోయిన రోజుది. అది మీ బావగారికి కూడా చెప్పలేదు. అది విన్నాక మాత్రం నువ్వు..."

చెల్లెలు ఒళ్ళోని సంచిని పక్కకు జరిపింది. దించలేదు, పక్కకే జరిపింది. కాళ్ళు రెండూ మంచం మీదికి లాక్కుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, చిన్నప్పుడు కథ చెప్పమని కూర్చున్నట్టే కూర్చుంది. కళ్ళు మాత్రం అక్క మీద లేవు, గోడ మీదే ఉన్నాయి.

"ఊఁ," అంది.